వెయ్యి మంది అడుగులు

ఆ ఉదయం ఆకాశం దులపని దుప్పటిలా మాసిపోయి, ఇళ్ల కప్పుల మీదికి దిగి వేలాడుతోంది. మబ్బుల వెనక విమానాలున్నాయేమోనని వీధంతా తలెత్తి చూస్తుంటే, ఆమె తలవంచుకుని గిన్నెలు తోముతోంది, చప్పుడు రాకుండా. గిన్నె మోగిందంటే అత్తగారు ఊరుకోదు. "యుద్ధం మనింట్లోనే మొదలైందా అమ్మాయ్?" అంటుంది. భర్త పేపర్లోంచి తల ఎత్తడు. ఇవాళ ఎత్తాడు. "ఆ రేడియో ఉద్యోగం ఇవాళ్టితో సరి. మానేస్తున్నానని చెప్పేసి రా. రేకులు వాయించి బతుకుతోందట మీ ఆవిడ అని ఆఫీసులో ఒకటే నవ్వులు." ఆమె "ఊఁ" అంది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఆమె మాటల్లో సగం అదే.

రేడియో స్టేషన్లో నాటకాలకు చప్పుళ్లు చెయ్యడం ఆమె పని. రేకు ఊపితే ఉరుము, జల్లెడలో బఠాణీలు దొర్లిస్తే వాన. ఇంట్లో చప్పుడైతే తప్పు, ఇక్కడ కాకపోతే తప్పు. ఆ రోజు సాయంత్రం ప్రత్యేక ప్రసారం: యుద్ధంలో జనం గుండె జారిపోకుండా, రాజ్యాంగం తమకిచ్చిన స్వేచ్ఛలేమిటో గుర్తుచేయడానికి. పక్క గదిలో వ్యాఖ్యాత చదువుతున్నాడు. మాట్లాడే స్వేచ్ఛ అయింది, నమ్మకాల స్వేచ్ఛ అయింది. నలుగురూ ఒకచోట చేరే స్వేచ్ఛ రాబోతుండగా, జనసందోహం చప్పుడున్న గ్రామఫోన్ రికార్డు ప్రొడ్యూసర్ చేతిలోంచి జారి రెండు ముక్కలైంది.

"కొంప మునిగింది! ఇప్పుడు జనాన్ని ఎక్కణ్ణుంచి తేను?"

ఆమె అప్పటికే అడుగుల చప్పుడుకు వాడే కంకర పెట్టెను మైకు ముందుకు లాగుతోంది. కాళ్లకో జత బూట్లు, చేతులకో జత.

"ఒక్కదానివేం చేస్తావమ్మా?"

ఈ గది మైకు మొదలైందన్నట్టు ఎర్రదీపం వెలిగింది. ఆమె కంకరలో దిగింది. ఆమె అడుగుల్లోంచి ముందు ఓ ముసలాయన కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. వెనకే పిల్లలు గెంతుకుంటూ వచ్చారు. మిల్లు మనుషులొచ్చారు, సంతమనుషులొచ్చారు, సందులన్నీ వీధిలోకి పొర్లాయి. చేతులు బల్లను దంచుతున్నాయి, కాళ్లు కంకరను నుజ్జుచేస్తున్నాయి. అమ్మో, ఇంతమంది ఎక్కడున్నారు నాలో! చెమట కళ్లలో పడుతోంది, తుడుచుకునే తీరిక ఎవరికుంది? ఇంత గుంపు నోరు మూసుకుని నడుస్తుందా? చప్పుళ్లే తప్ప నువ్వు గొంతెత్తకూడదని స్టేషన్లో మొదటిరోజే చెప్పారు. ఎత్తింది. "మేమున్నాం!" అని పొత్తికడుపులోంచి అరిచింది. ప్రొడ్యూసర్ నెత్తిన పెట్టుకున్న చేతులు నెత్తిమీదే ఉండిపోయాయి.

ఇంటికి నడవలేదు, దాదాపు పరిగెత్తింది. గుమ్మంలోనే భర్త ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"విన్నాంలే! ఎంతమందిని పోగేశారు? వెయ్యి మంది ఉండరూ? ఆ కేకేసిన ఆవిడ ఉందే, ఒళ్లు జలదరించిందనుకో! అమ్మయితే లేచి నిలబడింది. ఎవరావిడ?"

పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషి అడుగుతున్నాడు. ఆమె అతని కళ్లలోకి చూసింది.

"నేనేనండీ. ఆ వెయ్యి మందీ నేనే. మానేస్తానని చెప్పలేదు, చెప్పను కూడా."

ఆమె వంటింట్లోకి వెళ్లి ముగ్గురికీ వడ్డించి, ఎప్పుడూ చివర్న తీసుకునే తన పళ్లెం వాళ్ల మధ్యన పెట్టుకుంది. అత్తగారు కొడుకువైపు చూసింది, కోడలివైపు చూసింది, కాస్త పక్కకు జరిగింది. ముగ్గురూ కలిసి తిన్నారు.