దయ్యం దెబ్బ

మూడో కారు నలుగుతోంది. ప్రెస్సు పైదిమ్మ దిగినప్పుడల్లా కారు కప్పు సీట్లలోకి కూరుకుపోతోంది, అద్దాలు పేలి నేల మీద రాలుతున్నాయి. మేడ మీద కంప్యూటర్ గదిలో ఆమె బల్ల మీది కీబోర్డు దెబ్బదెబ్బకూ పక్కకు జరుగుతోంది. దాన్ని మోచేత్తో దగ్గరికి లాక్కుని ఆమె ప్రోగ్రాంలో చదివిన వరుసే మళ్ళీ చదువుకుంటోంది. కింద ఇద్దరు హమాలీలు ఒక రేడియేటర్ కోసం కలబడ్డారు. ఒకడి ముక్కు పగిలింది, రెండోవాడి పన్ను ఊడింది. మేస్త్రీ వచ్చి ఇద్దరి చెంపలూ వాయించి, రేడియేటర్‌ను తన గదిలో పెట్టుకున్నాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టయింది.

ఆ తుక్కు కార్ఖానాలో ఆమెను చీపురమ్మ అంటారు. కొత్త ప్రోగ్రాం ఏదీ ఆమె చేత రాయించరు. వెనకటివాళ్ళు తిని వదిలేసిన ఎంగిలి కంచాలు ఎత్తడమే, అంటే పాత ప్రోగ్రాముల్లో తప్పులు దిద్దడమే, ఆమె ఉద్యోగం. పేరు విని నొచ్చుకునే మనిషి కాదు. ఎడమ దవడ కాస్త వంకర, నవ్వితే ఇంకా వంకర, అందుకని నవ్వడంలో పొదుపు పాటిస్తుంది.

ఆ దవడ మొగుడి ఘనకార్యం. కూరలో ఉప్పెక్కువైందని ఇస్త్రీపెట్టెతో కొట్టాడు. కబురందగానే బాబాయి, అంటే కింద ఆ ప్రెస్సు నడుపుతున్న పెద్దమనిషే, నూనె మరకల చొక్కాతో వచ్చి, గడియ వేసిన తలుపును ఇనప కడ్డీతో బద్దలుకొట్టాడు. అదే కడ్డీతో అల్లుడి మోకాలి చిప్ప కూడా పగలగొట్టాడు. సామాను మాటేమిటని ఇరుగుపొరుగు అడిగితే, "మనిషి దొరికింది, చాల్లెండి" అని ఆమెను భుజాన వేసుకుని వచ్చేశాడు. తండ్రి లేని పిల్లకు మళ్ళీ చదువు చెప్పించిందీ ఆయనే, మేనేజరు చుట్టూ తిరిగి ఈ ఉద్యోగం వేయించిందీ ఆయనే. సొంత కూతురున్నా ఇంత చెయ్యడని పిన్ని దెప్పుతుంది. దెప్పుతూనే ముందు ఆమెకే వడ్డిస్తుంది.

ఇప్పుడామె ముందున్నది ప్రెస్సు డ్రైవర్. ఈ డ్రైవర్ స్టీరింగు పట్టేవాడు కాదు, కంప్యూటర్‌కూ ప్రెస్సుకూ మధ్య మాటలు మోసే ప్రోగ్రాం. పని మొదలెట్టేటప్పుడు అది మెమరీలో కాస్త చోటు తీసుకుంటుంది, తర్వాత ప్రెస్సును నూనె ఒత్తిడితో దించే వాల్వును చేతిలోకి తీసుకుంటుంది. పని ముగిశాక ముందు వాల్వును వదలాలి, ఆ తర్వాతే చోటు ఖాళీ చెయ్యాలి. దీన్ని రాసి ఎటో వెళ్ళిపోయిన మహానుభావుడు ముందే చోటు ఖాళీ చేసేశాడు. ఆ చోట్లో వేరే అంకెలేవో వచ్చి కూర్చునేవి. వాల్వు వాటినే హుకుం అనుకుని, ఆపేసిన ప్రెస్సును ఇంకొక్కసారి దించేది.

కింద పనివాళ్ళకు ఇదంతా తెలియదు. వాళ్ళకది దయ్యం దెబ్బ. ఒకప్పుడు ఒక హమాలీ చెయ్యి మోచేతి దాకా పిండైపోయింది. తాగి చెయ్యి పెట్టాడని మేనేజరు తేల్చేశాడు. అప్పటినుంచి ప్రెస్సు ఆపగానే ఒక ఖాళీ డబ్బా లోపలికి విసిరి దూరంగా నిలబడతారు. దాన్ని దయ్యానికి ముద్ద పెట్టడం అంటారు. డబ్బా అప్పడమయ్యాకే ఎవరైనా లోపల చెయ్యి పెట్టేది.

బాబాయి చెయ్యి ఆ దిమ్మ కింద ఉండగా ఎన్నోసార్లు కలగని ఉలిక్కిపడి లేచిన మనిషి ఆమె. అందుకే ఎవరూ చెప్పకుండానే ఈ చెత్త ఊడవడానికి పూనుకుంది. మధ్యాహ్నానికి వరుస సరిచేసింది. కిందికి దిగి ప్రెస్సును నడిపించి ఆపించింది. డబ్బా డబ్బాలాగే ఉంది. మళ్ళీ మళ్ళీ ఆపించింది. దెబ్బ పడలేదు.

"దయ్యానికి అరగడం లేదురోయ్," అన్నాడు ముక్కు పగిలినవాడు, రక్తం తుడుచుకుంటూ.

బాబాయి ఆమె పక్కకు వచ్చాడు. "ఇక ముద్ద పెట్టక్కర్లేదా అమ్మాయ్?"

ఆమె మనసులో మరోసారి మొదటినుంచి చూసుకుంది. ప్రోగ్రాం తీసుకున్నవన్నీ తిరిగి ఇచ్చేసింది, ఒక్కటీ మిగల్లేదు. "అక్కర్లేదు బాబాయ్. నాదీ పూచీ."

"సరే అయితే. డబ్బాలన్నీ కారుతో పాటే నలగ్గొట్టేస్తా."

ఆమె మెట్లెక్కుతూ నవ్వింది. చాలాకాలానికి పొదుపు మరిచి నవ్వింది.

సాయంత్రం ఒక కారు ఇరుసు విరిగి దిమ్మ పక్కన ఇరుక్కుంది. దాన్ని బయటికి లాగడానికి బాబాయి ప్రెస్సు ఆపడం ఆమెకు మేడ మీదికి వినిపించింది. కార్ఖానా అంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం తను చేసిందేనని ఆమె హాయిగా వెనక్కి వాలింది. అప్పుడు దెబ్బ పడింది. ఎవరూ అరవలేదు. ఆ తర్వాత ఎవరిదో రెంచీ నేల మీద పడింది.

ఆయిల్ మెకానిక్కు గొట్టాలు విప్పి చూసి చెప్పాడు. ప్రెస్సు ఆపినా నూనెలో ఒత్తిడి మిగిలే ఉంటుంది. ఇన్నాళ్ళూ దాన్ని ఖాళీ చేస్తున్నది ఆ అదనపు దెబ్బే. ఇవాళ ఆ దెబ్బ పడలేదు, ఒత్తిడి పోలేదు, అరిగిన వాల్వు పట్టుకున్నంతసేపు పట్టుకుని వదిలేసింది. ప్రెస్సు ఒత్తిడిని తీసుకుంటుందని ప్రోగ్రాంలో ఎవరూ రాయలేదు. రాయనిదాన్ని తిరిగి ఇవ్వాలని ఆమెకు తోచలేదు.

పిన్ని వచ్చేసరికి మేనేజరు తన మాట సిద్ధం చేసుకున్నాడు. "కాస్త మందు వేసుకున్నట్టున్నాడమ్మా. మేం మాత్రం ఏం చేస్తాం?"

"తాగలేదు," అంది ఆమె.

"నువ్వూరుకో చీపురమ్మా. నిన్నెవరడిగారు?"

"తాగలేదు పిన్నీ. ఇక భయం లేదని నేనే చెప్పాను. నేను చెప్పబట్టే దిమ్మ కిందికి దిగాడు."

పిన్ని ఆమెను చెంప మీద కొట్టింది. వంకర దవడ మీదే కొట్టింది, మళ్ళీ కొట్టింది, ఆమె తల తిప్పుకోలేదు. మూడోసారి ఎత్తిన చెయ్యి ఆ చెంప మీదే ఆగిపోయింది. పిన్ని వేళ్ళు దవడ ఎముక మీద అలాగే ఉండిపోయాయి. "నీ మాటంటే వేదం కదే ఆయనకి," అంది, అని నేల మీద కూలబడింది.

రాత్రి దీపాలు ఆర్పకముందే మిగతావన్నీ కడిగేశారు. ప్రెస్సు పక్కనున్నవి మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నూనెలో కాలు జారుతుందని దిగేముందు బాబాయి విప్పినట్టున్నాడు, రెండు బూట్లు గోడవైపు తిప్పి జతగా పెట్టి ఉన్నాయి, మేజోళ్ళు మడిచి లోపల దోపి.