వాన రాని దినాల వరుసలు

తిప్పయ్య సార్ కంప్యూటర్‌ను చూసి మొదట నవ్వొచ్చింది. టీవీకి తగిలించి వాడే ఎనభైల నాటి డబ్బా. కంబదూరులో నాకు సైన్సు చెప్పిన సార్, ఇరవై రెండేళ్లు ఇంటి ముందు వాన కొలిచి దాంట్లో ఎక్కించారు. నోటుపుస్తకాలు చెదలు తిన్నాయి. మిగిలింది ఒక్క ఫ్లాపీ.

"మొన్న కరువు మీటింగులో ఆఫీసరు ఏమన్నాడో తెలుసునా జాయ్? ఈడ వాన మునుపెట్లనో ఇప్పుడూ అట్లనే పడతాండాదంట. వానకూ వానకూ నడుమ ఎడం ఎట్ల పెరిగిందో నా ఫ్లాపీలో ఉండాది. తీసియ్యమ్మా. నా కండ్లు పోకముందే ఆయప్ప ముందర పెట్టల్ల."

నాది కళ్యాణదుర్గంలో రిపేరు షాపు. ఆ డబ్బాకూ నా లాప్‌టాప్‌కూ తీగ కలిపాను. ఇక కావలసింది టెర్మినల్ సాఫ్ట్‌వేర్, అంటే డబ్బాలోని రాతను తీగ మీదుగా పంపే ప్రోగ్రామ్. వెతికితే రెండు దొరికాయి. ఒకటి ఉన్నది ఉన్నట్టు, సరిచూసుకుంటూ నిదానంగా పంపుతుంది. రెండోది ఖాళీ వరుసలు వదిలేసి, రాత ఉన్నవే గబగబా పంపుతుంది.

"ఎట్ల రాసినారు సార్ దీంట్లో?"

"దినానికొక వరస. ఎన్ని మిల్లీమీటర్లో అంతే."

"తేదీ?"

"తేదీ యాల? వరసలు లెక్కబెడితే తెలుస్తాది. మొదటిది ఎనభై ఏడు జనవరి ఒకటి."

ఫ్లాపీ తిరుగుతుంటే గీరుతున్న చప్పుడు. పది నిమిషాలు బతికేలా లేదు. నిదానమే ప్రధానం అని నాకు నేర్పింది తిప్పయ్య సారే. తొందర నాకు పుట్టుకతో వచ్చిన రోగం. రెండోదే ఎంచుకున్నాను.

రెండు నిమిషాల్లో అయిపోయింది. వెంటనే ఫ్లాపీ కీచుమని ఆగింది. తీసి చూస్తే బిళ్ల మీద పూత లేచిపోయింది. అందింది కదా అని లాప్‌టాప్ చూశాను. ఎనిమిది వేల వరుసలుండాలి. ఎనిమిది వందలు కూడా లేవు.

"సార్, వాన రాని దినం ఏం రాసినారు?"

"ఏమీ రాయలే. ఉత్త ఎంటర్ కొడతాంటి."

"సున్నా పెట్టలేదా?"

"సున్నా ఎవురు పెడతారమ్మా? మా నాయన కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మొదటిదానికి ఒకటి అనకుండా లాభం అంటాండె. ఆ ఇంట్లో పుట్టి వానకు సున్నా పెట్టల్నా? పెడితే అదే నిలబడిపోతాది."

సైన్సు చెప్పిన మనిషి! కోపం వచ్చింది, కానీ ఆయన మీద కాదు. మా ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనే అంటాం. నాకు తట్టి ఉండాల్సింది.

జరిగింది చెప్పాను. ఏ వాన ఏ రోజుదో, నడుమ ఎన్ని ఎండు దినాలో, ఇక ఎవరూ చెప్పలేరన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"ఉండేది చదువమ్మా," అన్నారు సార్.

పన్నెండు. నాలుగు. ముప్పై ఒకటి. ఏడు. పద్దెనిమిది.

కళ్లు మూసుకుని విన్నారు.

"వింటాంటే యాడ కరువు? దినామూ వానే కురిసినట్లుండాది. ఆపు తల్లీ. ఇది చూపిస్తే ఆ ఆఫీసరే గెలుస్తాడు."