తిరిగిరాని సరుకు

గడప దాటి వెళ్ళిన సరుకు మళ్ళీ గడప ఎక్కకూడదన్నది బొమ్మల షాపాయన పెట్టుకున్న నియమం. అమ్మడం ఎవరైనా అమ్ముతారు, నోరుంటే చాలు. అమ్మినది మర్నాడు "చక్రం ఊడిపోయిందండీ" అంటూ ఏడుస్తున్న పిల్లతో సహా తిరిగి రాకుండా చూసుకోవడమే వ్యాపారం. ఒకటి తిరిగొస్తే పోయేది ఒక్క బొమ్మ కాదు. ఆ తల్లి, ఆమె తోడికోడలు, వాళ్ళ పక్కింటావిడ, అందరూ కట్టగట్టుకుని ఎదురు షాపు మెట్లెక్కుతారు. అందుకే కొత్త సరుకు రాగానే ఆయన వెనకగదిలో కూర్చుని, ప్రతి బండి చక్రాన్నీ, ప్రతి బొమ్మ చేతినీ వేలితో కదిపి చూసి, అనుమానం వచ్చిన చోటల్లా చటుక్కున అంటుకునే జిగురు ఒక చుక్క వేసేవాడు. ఈ సంగతి ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. వీధిలో మాత్రం, ఆయన దగ్గర కొంటే పిల్లలు పెద్దవాళ్ళవుతారు గాని బొమ్మ చెక్కుచెదరదని పేరు.

మనుషుల్ని కూడా ఆయన సరుకును చూసినట్టే చూసేవాడు. చెల్లెలు గట్టి సరుకని ఆయన లెక్క. ఆమె ఒక స్కూల్లో సైన్సు ల్యాబు చూసుకునేది. ఆ స్కూలు ఇంకో స్కూల్లో కలిసిపోయి, ల్యాబు కాస్తా ఆఫీసు గది అయ్యాక, ఏడాదిగా ఇంట్లోనే ఉంది. ఉన్న మనిషి ఊరుకుందా? మిక్సీ విప్పింది, గోడ గడియారం విప్పింది, మళ్ళీ బిగించింది. చివరికి ఈ వేసవి సెలవుల్లో టైలరు షాపు మీది హాలు అద్దెకు తీసుకుని, పిల్లలు చేతులతో చేసి నేర్చుకునే సైన్సు క్యాంపు పెడతానంది.

ఆమె భర్త కాదనలేదు, అవుననీ అనలేదు. వాళ్ళ పెదనాన్న కొడుకుకు టైల్సు షోరూముంది. అందులో కౌంటరు ఉద్యోగం ఖాళీగా ఉంది. క్యాంపు మొదటి వారం చివర, శనివారం నాడు తల్లిదండ్రులు వచ్చి చూస్తారు. సోమవారం నుంచి పంపేది లేనిదీ అప్పుడే చెబుతారు. సగానికి సగం జారిపోతే చెల్లెలు షోరూములో చేరాలి. మొగుడూ పెళ్ళాల మధ్య కుదిరిన ఒప్పందం అది.

"టైల్సు అమ్మడం తప్పని కాదన్నయ్యా," అంది ఆమె షాపుకొచ్చిన రోజు. "తెల్లవి, బూడిదరంగువి, మళ్ళీ తెల్లవి. రోజంతా వాటి మధ్య నిలబడితే నన్ను కూడా గోడకి అంటించేస్తారు."

ఆమె సామాను ఏరుకోడానికి వస్తోందని తెలిసి, ఆయన ముందే కౌంటరు మీద రోబోను నిలబెట్టి ఉంచాడు. షాపులో అన్నిటికన్నా పెద్ద డబ్బా దానిదే. బటన్ నొక్కితే కళ్ళు వెలిగించుకుని, నాలుగడుగులు నడిచి, చెయ్యి ఊపుతుంది.

"ఇది చూస్తే తల్లిదండ్రులు గుమ్మంలోనే పడిపోతారు," అన్నాడు.

"అది నడుస్తుంది సరే. పిల్లలేం చేస్తారు?"

"చూస్తారు."

"చూడ్డానికి ఇంట్లో టీవీ ఉందిగా. నాకు తిట్టుకుంటూ చేసేది కావాలి."

ఆమె నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కో డబ్బా విప్పసాగింది. బిళ్ళ బ్యాటరీలున్నవన్నీ పక్కకు నెట్టేసింది. ఏ పిల్లో ఒకటి మింగిందంటే క్యాంపు సంగతి తర్వాత, ముందు ఆస్పత్రికి పరిగెత్తాలి. బఠాణీ గింజంత అయస్కాంతాలు కూడా అందుకే వద్దంది. లావు బ్యాటరీ పట్టేవి, మూతకు స్క్రూ ఉన్నవి మాత్రమే ఉంచింది. ఆఖరికి ఆమె చెయ్యి క్రేను కిట్టు మీద ఆగింది. చిల్లుల పట్టీలు, పళ్ళచక్రాలు, నొక్కితే బిగిసే పిన్నులు, ఒక చిన్న మోటారు, కొక్కెం, దారం. డబ్బా మీది బొమ్మలో క్రేనుంది గాని, అవే ముక్కలతో వంతెన చెయ్యొచ్చు, గాలిమర చెయ్యొచ్చు.

"ఇది ఇద్దరికి ఒకటి," అంది.

"మనిషికొకటి తీసుకో. అన్న దగ్గర మొహమాటమా?"

"మనిషికొకటిస్తే ఎవరి మూల వాళ్ళు పట్టుకుంటారు. ముగ్గురికిస్తే ఒకరు చూస్తూ కూర్చుంటారు. ఇద్దరైతేనే పోట్లాడుకుని పని చేస్తారు. పిన్నులు మాత్రం ఒక సంచి అదనంగా ఇవ్వు. ముందు పోయేవి అవే."

ఆమె ఒక పిన్నును చిల్లులో పెట్టి, లాగి, మళ్ళీ పెట్టి, మళ్ళీ లాగి చూస్తూ ఉంది. ఆయన కూడా చూస్తున్నాడు. అలా కాసేపు లాగాక ఆ పిన్ను మొదట్లో ఉన్నంత బిగువుగా లేదు. చెల్లెలు తల ఊపింది. "బాగుంది, పిల్లల చేతికి వస్తుంది," అంది. అన్న గుండెలో మాత్రం రాయి పడింది. చేతికి వచ్చేదంటే ఆయన భాషలో ఊడిపోయేదని.

శనివారం నాడు అందరూ గుండ్రంగా నిలబడి చూస్తుండగా క్రేను బరువెత్తి, సగంలో పిన్ను జారి, టపీమని కూలిపోవడం ఆయనకు ఆ రాత్రంతా కళ్ళ ముందు ఆడింది. చెల్లెలికి చదువుంది గాని సరుకు తెలియదు అనుకున్నాడు. ఆదివారం షాపు మూసుకుని వెనకగదిలో కిట్లన్నీ పరిచాడు. డబ్బా మీది బొమ్మ చూసి ఒక్కో క్రేనూ బిగించి, ప్రతి పిన్ను మొదలు దగ్గరా జిగురు చుక్క వేశాడు. భార్య పక్కన కూర్చుని కొక్కేలకు దారాలు చుట్టింది.

"ఏమండీ, మీ చెల్లెలు అడిగిందా ఇదంతా?"

"అడిగి చేయించుకునే మనిషైతే ఇంకేం. ఆశ్చర్యపోవాలి చూడు."

"నాకెందుకో భయంగా ఉంది. ఒక్క ఫోన్ చేసి అడగరాదూ?"

"నువ్వు దారం చుట్టు."

ఆవిడ చుట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని ఏ మాటకు ఆపొచ్చో, ఏ మాటకు ఆపలేమో ఆవిడకు లెక్క తెలుసు.

సోమవారం పొద్దున్నే డబ్బాలకు మళ్ళీ టేపు వేసి, ఆయనే బండి మీద తెచ్చి మెట్ల పైన దించి వెళ్ళాడు. మధ్యాహ్నం కాకుండానే ఫోనొచ్చింది. "అన్నయ్యా, ఒకసారి వచ్చి వెళ్ళు," అంది చెల్లెలు. అంతే. పొగడబోతోందనుకుని ఆయన చొక్కా కూడా మార్చుకుని వెళ్ళాడు.

హాల్లో పిల్లలు జంటలుగా చాపల మీద కూర్చుని ఉన్నారు. జంటకొక క్రేను తయారై నిలబడి ఉంది. ఎవరి చేతికీ పని లేదు. కొందరు కొక్కేన్ని పైకీ కిందికీ ఆడించి విసుగెత్తి కిటికీ వైపు చూస్తున్నారు. కదిలే పన్నున్న పిల్ల ఒకతి, పళ్ళ డాక్టరమ్మ కూతురు, క్రేను పిన్నును నోట్లో పెట్టి గుంజుతోంది.

"ఇది రావట్లేదు టీచర్. నా పన్నే వచ్చేలా ఉంది," అంది.

చెల్లెలు ఒక క్రేనును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పిన్ను చుట్టూ ఎండిన జిగురు ముత్యంలా మెరిసింది. ఆమె దాన్ని నెమ్మదిగా కింద పెట్టి, అన్నను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది.

"అన్నిటికీ వేశావా?"

"అన్నిటికీ. మన పని పక్కా కదా," అన్నాడు గాని, ఆ మాట సగంలోనే గొంతు తగ్గిపోయింది.

"శనివారం వాళ్ళమ్మలొచ్చి మా పిల్ల ఏం చేసిందండీ అంటే ఏం చూపించను? మా అన్నయ్య చేసింది చూపించనా?"

"మార్చేస్తాను. ఇప్పుడే మార్చేస్తాను." మెట్ల మీద నిలబడే హోల్‌సేలు వ్యాపారికి ఫోన్ చేశాడు. సరుకు లేదు, రావడానికి రెండు వారాలు పడుతుందన్నాడు అవతలివాడు. ఇంకో ఇద్దరికి చేశాడు. అదే మాట. "పోనీ రోబోలు పంపనా?" అన్నాడు చివరికి.

చెల్లెలికి నవ్వు రాబోయి ఆగింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చి ఆగాయి.

"నీ షాపులోంచి వెళ్ళింది తిరిగి రాకూడదు అన్నయ్యా. నాకు ప్రతి సాయంత్రం అన్నీ ముక్కలై డబ్బాలోకి తిరిగి రావాలి. రేపు ఇంకోలా బయటికి వెళ్ళాలి. అది కూలితేనే కదా ఎందుకు కూలిందని అడుగుతారు. నాతో ఒక్క మాట అనాల్సింది."

"నిన్ను ఆశ్చర్యపరుద్దామని."

"పరిచావులే."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళింది. ఆయన వెళ్ళిపోదామని రెండు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పిల్లలూ, ఇవి జిగురుతో అతికి ఉన్నాయి," అంది ఆమె. "మనకి ముక్కలు కావాలి. విరగ్గొట్టకుండా ఎలా విడదీస్తాం?"

అందరూ ఒక్కసారే మాట్లాడారు. వేడినీళ్ళు. నూనె. సుత్తి. ఫ్రిజ్‌లో పెడితే? అమ్మ గోళ్ళరంగు తీసే మందు. ఆమె అన్నీ బోర్డు మీద రాసి, ఒక్కో పద్ధతికి ఒక్కో క్రేనును కేటాయించి, మిగతావాటిని ఎవరూ ముట్టుకోవద్దంది. గోళ్ళరంగు మందు మాత్రం పిల్లల చేతికివ్వక, కిటికీ తెరిచి తనే వేసింది. జిగురుతో పాటు పళ్ళచక్రం కూడా తెల్లబడి మైనంలా మెత్తబడిపోయింది. షాపాయన కళ్ళు మూసుకున్నాడు. పిల్లలు మాత్రం ఆ చక్రాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు, అంత మురిపెంగా రోబోను చూసిన పిల్లను కూడా ఆయన ఎరగడు.

మర్నాడు ఆయన ఇంటి ఫ్రిజ్‌లోని మంచు మొత్తం డబ్బాలో పోసుకుని తనే తెచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. వేడినీళ్ళలో పెట్టిన పట్టీ అరటి ఆకులా వంగిపోయింది. నూనె పెట్టినది చేతికి జిడ్డు తప్ప ఏమీ ఇవ్వలేదు. మంచులో పెట్టిన క్రేనును పన్ను పిల్లా, ఆమె జతగాడూ బయటికి తీసి, పిన్ను మీద చెక్క స్కేలుతో చిన్నగా కొట్టారు. ఏమీ కాలేదు. ఇంకా కొంచెం సేపుంచి మళ్ళీ కొట్టారు. టిక్కుమని జిగురు గాజులా పగిలి పిన్ను దూకి చాప మీద పడింది. హాలంతా అక్కడ మూగింది.

ఇక రెండు రోజులు అదే పని. ఎంతసేపు ఉంచాలి, ఎంత గట్టిగా కొట్టాలి, ఏ వైపు నుంచి కొట్టాలి. గట్టిగా కొట్టినవాళ్ళ పట్టీలు విరిగాయి. తొందరపడి తీసినవాళ్ళ పిన్నులు కదల్లేదు. చిన్న స్టూలు మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్న షాపాయనకు చేతులు దురద పెట్టాయి.

"ఇలా తే అమ్మా, నేను చిటికెలో తీస్తా," అన్నాడు ఉండబట్టలేక.

"వద్దు మామయ్యా," అంది పన్ను పిల్ల, క్రేనును ఒడిలోకి లాక్కుని. "మీరు ముట్టుకుంటే అతుక్కుపోతాయి."

చెల్లెలు అటు తిరిగి బోర్డు తుడవసాగింది. ఆమె భుజాలు కదలడం ఆయన చూశాడు. నవ్వుతోందని తెలిసి, స్టూలును ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

శనివారం వచ్చింది. తల్లిదండ్రులు వచ్చారు. గుమ్మంలో ఎవరూ పడిపోలేదు. బల్ల మీద ఎత్తుగా నిలబడినది ఒక్కటీ లేదు. గీతలు పడ్డ పట్టీలు ఒక డబ్బాలో, పిన్నులు ఒక డబ్బాలో, విరిగినవి ఒక పళ్ళెంలో. చెల్లెలి భర్త ఆఫీసు నుంచి నేరుగా వచ్చి గోడవారన నిలబడ్డాడు. డబ్బాల మీద షాపు పేరు చూసి, కళ్ళద్దాల తండ్రి ఒకాయన అడిగేశాడు. "పాత సరుకు అంటగట్టారేంటండీ?"

షాపాయన నాలుక మీద జవాబు సిద్ధంగా ఉంది. కంపెనీవాళ్ళు ఇంతేనండీ, ఈ మధ్య ఏదీ బాగుండట్లేదు. ఇన్నేళ్ళలో ఎందరికో చెప్పిన మాటే. అది బయటికి వచ్చేలోపే పన్ను పిల్ల అందుకుంది.

"పాతవి కాదు అంకుల్, కొత్తవే. షాపు మామయ్య అన్నీ జిగురుతో అతికించేశారు. మేం విప్పాం."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన షాపుకొచ్చే బేరాలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి.

"అవునండీ," అన్నాడు. "బాగుంటుందని అతికించాను. వీళ్ళు విప్పారు."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు గది చుట్టూ తిరిగింది. ఆయన దాన్ని, లారీలోంచి దించిన మూట మోసినట్టు, నిలబడి మోశాడు. పళ్ళ డాక్టరమ్మ మాత్రం నవ్వకుండా, బల్ల కింద మిగిలిన, ఇంకా విప్పని క్రేన్లలో ఒకటి చేతిలోకి తీసుకుని పిన్నును గోటితో కదిపింది.

"గట్టిగానే ఉందే. దీన్నెలా తీశావు?"

"అలా కాదమ్మా. ముందు మంచులో పెట్టు. ఊఁ, అప్పుడే తియ్యకు. నీకసలు ఓపిక లేదు."

డాక్టరమ్మ చిన్న స్టూలు మీద కూర్చుని ఓపిక పట్టింది. పక్కనే ఇంకో తండ్రి స్కేలు అందుకున్నాడు. కాసేపటికి పిల్లలు నిలబడి చెబుతున్నారు, పెద్దవాళ్ళు కూర్చుని కొడుతున్నారు. కళ్ళద్దాలాయన పట్టీ విరిగితే ఆయన కొడుకు దాన్ని మర్యాదగా పళ్ళెంలో వేశాడు. "నాన్నా, నువ్వు మొదటి రోజు మాలాగే ఉన్నావు," అన్నాడు.

ఆ కళ్ళద్దాలాయన వెళ్ళేటప్పుడు, మా వాడిని లెక్కల ట్యూషన్‌లో వేస్తామండీ, ఏమీ అనుకోకండి, అని చెప్పి వెళ్ళాడు. ఇంకొకావిడ ఇంటికెళ్ళి చెబుతానంది, అంటే పంపననే. షాపాయనకు ఆ మాటలన్నీ అలవాటే. మిగతావాళ్ళు సోమవారం ఎన్ని గంటలకు తేవాలని అడిగారు. సోమవారం ఏం చేస్తారని డాక్టరమ్మ అడిగితే, "క్రేనే. డబ్బా మీద ఉన్నది మాత్రం కాదు," అంది కూతురు.

హాలు ఖాళీ అయ్యాక చెల్లెలు నేల మీద పిన్నులు ఏరుతోంది. భర్త ఆమె పక్కన గొంతుకూర్చుని, బల్ల కిందికి దొర్లినవి తీసి డబ్బాలో వేశాడు. కాసేపటికి అతను లేచి, చేతులు దులుపుకుని, ఫోన్ తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. షాపాయన విరిగిన ముక్కల పళ్ళెం పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. అవతలి మాటలు వినపడలేదు, బావగారి మాటలే వినపడ్డాయి.

"లేదన్నయ్యా, రాదు. కౌంటరుకి ఇంకెవరినైనా చూసుకోండి." కొంచెం ఆగాడు. "అబ్బే, కోపమేమీ లేదు. తీరిక లేదు. పనిలో ఉంది."