అంటు తొక్కిన బావ

వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడని అందరూ టైలరమ్మ అంటారు. ముక్కు మీద కోపం, చేతిలో కత్తెర. రెండింటిలో ఏది ఎక్కువ పదునో తేల్చుకునే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చేయలేదు. అలాంటి మనిషి ఆ ఉదయం ఇంటి ఓనరు ముందు కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"పెరడంతా సిమెంటు చేయించేస్తున్నానమ్మా. వాన పడితే చాలు, గోడలోకి చెమ్మ దిగిపోతోంది. పై వారం మేస్త్రీ వస్తాడు," అన్నాడాయన.

"మరి లావెండర్ సంగతో?"

"ఏది, గోడ పక్కన ఆ ఎండుపుల్లలేనా?"

ఎండుపుల్లలట! ఇంకో రోజైతే ఆయన సంగతి తేల్చేసేదే. కానీ ఇల్లు ఆయనది, గోడ ఆయనది, చెమ్మ కూడా నిజమే. లోపలికి వచ్చి, కుడుతున్న చొక్కాకి ఎడమ చెయ్యి తెచ్చి కుడి పక్కన అతికించింది. తరవాత విప్పుకుంటూ కూర్చుంది.

ఆ పొద వాళ్ళక్కది. అక్క ఒక హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్ళు చూసుకునే పనిలో ఉండేది. పెళ్ళికాకముందే హోటలు ముందు తోటలోంచి ఓ చిన్న రెమ్మ తెచ్చి ఈ గోడ పక్కన, ఎండ రోజంతా కొట్టే చోట నాటింది. మట్టిలో సగానికి సగం గులకరాళ్ళు కలిపింది. పూలు అయిపోగానే కత్తిరించేది, పచ్చ ఆకు ఉన్నంత వరకే, కింద గోధుమరంగు కట్టె జోలికి పోకుండా. "కట్టెలోకి కోశావంటే ఇంక చిగురు రాదే" అని చెల్లెలి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. పెళ్ళయ్యాక పక్క వీధిలో మేడ మీదికి కాపురం వెళ్ళినా, సాయంత్రం అయ్యేసరికి ఈ పొద దగ్గరే. దానితో కబుర్లు కూడా చెప్పేది. హోటల్లో మేనేజరు ఏమన్నాడో మొగుడి కంటే ముందు లావెండరుకే తెలిసేది.

అక్క పోయి రెండేళ్ళయింది. కొమ్మ ఊగితే చాలు, ఇప్పటికీ టైలరమ్మకి పెరట్లో ఎవరో ఉన్నట్టే ఉంటుంది.

ఎలాగైనా దాన్ని బతికించుకోవాలి. పోనీ పొదనే పెకలించి ఇంకో చోట పెడదామా అని నర్సరీ అతన్ని పిలిపించింది. అతను మొదలు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ముసలిదైపోయిందమ్మా. కదిపితే పోతుంది. రెమ్మలు నాటి చూశారా?"

చూసింది. కిందటి నెలలోనే పాత డబ్బాల్లో బోలెడన్ని గుచ్చింది. పసిపిల్లలకి పాలు పట్టినట్టు పొద్దునా సాయంత్రం నీళ్ళు పట్టింది. అన్నీ నల్లబడి కుళ్ళిపోయాయి. అతను ఆ డబ్బాలకేసి చూసి నవ్వు ఆపుకున్నాడు.

"దీన్ని చంపాలంటే గొడ్డలి అక్కర్లేదమ్మా, చెంబు చాలు. రెండు నెలల ముందే అంటు తొక్కి ఉంటే బాగుండేది."

అంటు తొక్కడం! ఆ మాట చెవిన పడగానే టైలరమ్మ పకపకా నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళు నిండిపోయాయి. పాపం నర్సరీ అతను తానేం తప్పు మాట్లాడానా అని బిక్కమొహం వేశాడు.

అక్క పెళ్ళయిన కొత్తల్లో మాట. అమ్మతో సహా అందరూ పెరట్లో కూర్చుని ఉన్నారు. కొత్తల్లుడు మంచివాడనిపించుకోవాలన్న ఆరాటంలో ఏ పని చెప్పినా లేచి పరుగెత్తేవాడు. అక్క అప్పట్లో ఆయనతో ముక్తసరిగా ఉండేది. అసలు తను నవ్వడమే అరుదు. "ఆ కింది కొమ్మకి కాస్త అంటు తొక్కుతారా?" అంది. అంటే కొమ్మని నేలకి వంచి, అడుగున బెరడు కొంచెం గీకి, మట్టి కప్పి, పైన రాయి పెట్టడం. అక్కడ వేరు పడితే తల్లి నుంచి కోసి వేరే నాటుకోవచ్చు. బావ లేచాడు, ప్యాంటు పైకి మడిచాడు, బూటుకాలుతో ఆ కొమ్మని నిజంగానే టకటకా తొక్కేశాడు!

మొదట అక్క నోరు తెరిచింది. తరవాత నవ్వింది. కడుపు పట్టుకుని, గోడకి జారబడి, ఊపిరాడక చేతులూపుతూ నవ్వింది. వింతేమిటంటే, మట్టిలోకి కూరుకుపోయిన ఆ కొమ్మకి వేరు పట్టింది. పాత మొక్క తరవాత ఎండిపోయింది, ఇప్పుడున్న పొద ఆ కొమ్మ నుంచి వచ్చినదే. బావకి మాత్రం 'తొక్కుడు బావ' అన్న పేరు ఉండిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా అక్క ఆ కథ చెప్పాల్సిందే, మళ్ళీ అలాగే నవ్వాల్సిందే.

అక్క పోయాక బావ ఊరికి ఆ చివర చిన్న ఫ్లాటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ గుమ్మం తొక్కింది లేదు. ఆ రోజు టైలరమ్మ ఫోన్ చేసి విషయం చెప్పింది.

"నేను ఆ పెరట్లోకి రాలేను మరదలా. నీకు తెలియందేముంది?"

"రాకండి. రెండేళ్ళ నుంచీ వచ్చి ఉద్ధరించారు గనకనా! మా అక్క చెట్టు, నా తిప్పలేవో నేనే పడతాను," అని ఠపీమని పెట్టేసింది.

మర్నాడు మిషను ముందు కూర్చోబోతుంటే పెరటి తలుపు చప్పుడైంది. బావ. చేతిలో చిన్న పార, పాత కుండీ. బాగా చిక్కిపోయాడు. అది చూసి ఆమె దాచిపెట్టుకున్న తిట్లన్నీ పక్కన పెట్టి, తలుపు బార్లా తీసింది.

ఆయన పొద ముందు చతికిలబడ్డాడు. కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే చేతులవి. గులకరాళ్ళని ఒక్కొక్కటే పక్కకి తీస్తూ, నేలకి ఆనిన కొమ్మల కింద వేలు పోనిచ్చి తడిమి చూస్తున్నాడు.

"ఒక్కోసారి నేలకి ఆనిన కొమ్మకి దానంతటదే వేరు పడుతుంది," అన్నాడు.

"అబ్బో, మీకివన్నీ ఎప్పుడు తెలిశాయి? అంటు తొక్కమంటే బూటుకాలేసిన మనిషి!"

బావ చెయ్యి ఆగింది.

"అప్పుడూ తెలుసు. ముందురోజే మీ అమ్మ దగ్గరుండి చూపించింది."

టైలరమ్మ ఆయనకేసి తిరిగింది. "మరి ఎందుకలా తొక్కారు?"

"పెళ్ళయినప్పటి నుంచీ మీ అక్క నా ఎదుట ఒక్కసారీ నవ్వలేదు. ఏం చెయ్యమంటావు?"

"అమ్మకి తెలుసా?"

"తెలుసు. నాకేసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. చివరిదాకా ఎవరికీ చెప్పలేదు."

"అక్కకి మీరైనా చెప్పొచ్చుగా బావా?"

"చెబితే ఆ కథలో నవ్వడానికి ఏం మిగుల్తుంది?" అన్నాడాయన, మళ్ళీ మట్టిలోకి వంగుతూ.

టైలరమ్మ పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. తను కూడా ఆ మనిషిని ఎన్నిసార్లు వెక్కిరించిందో లెక్కలేదు. ఎంత సిగ్గేసిందో, బావ మీద అంత అభిమానమూ పుట్టింది. వాళ్ళక్క అదృష్టవంతురాలని ఆ పూట మొదటిసారి గట్టిగా అనిపించింది.

వెతగ్గా వెతగ్గా ఒకే ఒక్క కొమ్మ దొరికింది. దాని కింద తెల్లగా, దారాల్లాంటి వేళ్ళు. బావ దాన్ని తల్లి నుంచి కోసి, మట్టితో సహా ఎత్తి కుండీలో పెట్టి, కుండీని ఆమె వైపు జరిపాడు.

"తీసుకో. మీ అక్కది."

ఆమె కుండీని ఒళ్ళో పెట్టుకుంది. పై వారం నుంచి ఈ పెరట్లో మట్టి ఉండదు. ముందు గదిలో ఎండ పడదు. పైగా తన చేతి సంగతి ఆ కుళ్ళిన డబ్బాలే చెబుతున్నాయి.

"మీ ఇంట్లో ఎండ వస్తుందా?"

"బాల్కనీలో పొద్దుగూకేదాకా మాడిపోతూ ఉంటుంది."

ఆమెకి ఇవ్వాలని లేదు. చేతులు వదలనంటున్నాయి. అయినా లేచి, కుండీని ఆయన చేతుల్లో పెట్టేసింది. "తీసుకెళ్ళండి," అంటూ మొహం పక్కకి తిప్పుకుంది. ఆయన వద్దనబోయి, కుండీని గుండెలకి హత్తుకున్నాడు.

సాయంత్రం ఫోన్ మోగింది.

"చేరారా బావా?"

"చేరాను. బస్సులో ఏడ్చాననుకో. పక్కాయన లేచి వెళ్ళి వేరే సీట్లో కూర్చున్నాడు."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె ముక్కు తుడుచుకుంది.

"మొక్క ఎలా ఉంది?"

"బాగానే ఉంది. కానీ దీని ముందు కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియడం లేదు మరదలా. మీ అక్క ఏమేం చెప్పేదో నీకే తెలుసు. ఆదివారం ఒకసారి వస్తావా?"

"వస్తాను. రాకేం?" అని, ఆగి, "ఏ స్టాపులో దిగాలి బావా?" అని అడిగింది.

అడిగాక గాని తనేం అడిగిందో ఆమెకి తెలియలేదు. రెండేళ్ళుగా ఆయన ఈ గడప తొక్కలేదని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. ఆయన ఉండేది ఎక్కడో ఒక్కనాడూ అడగలేదు.

అవతల బావ ఆ మాటే ఎత్తలేదు. "మార్కెట్ దాటాక రెండోది. నేనొచ్చి స్టాపులో నిలబడతాలే," అన్నాడు.