అవకాశం ఇవ్వడమైనది

దబ్బనం మొనను జుట్టులో ఒకసారి రుద్దుకుని, అతను నూట నలభై కాగితాల కట్టలోకి దింపాడు. నూనె అంటితే మొన తేలిగ్గా దిగుతుంది. కోర్టు ఎదుటి వరండాలో పన్నెండేళ్లుగా ఇదే పని: ఎడమ అంచున మూడు చిల్లులు, తెల్ల దారం, వెనక ముడి. బొటనవేలి పక్కన చర్మం కాయకట్టింది. ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు కాబట్టి మోచేతులు బల్లకు ఆనించడం లేదు.

కట్ట మధ్యలో ఉన్నది అతని కేసులో వచ్చిన తీర్పే.

అప్పట్లో నీళ్ల పంపుల దగ్గర కాపలా. మిట్టమధ్యాహ్నం మోటారు కాలిపోయింది. నిద్రపోయాడని ఒక ముక్క రాసి ఇంటికి పంపేశారు. పగిలిన గొట్టం కట్టడానికి వెళ్లాడు తప్ప అతను నిద్రపోలేదు. ఆ సంగతి అడిగిన పాపాన పోయినవాడు లేడు. అతను కోర్టుకెక్కాడు. బతుకుతెరువు తీసేముందు మనిషి మాట వినాలి, వినకుండా తీస్తే బతికే హక్కు తీసినట్టేనని దేశంలోకెల్లా పెద్ద కోర్టు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని వేలమంది మళ్లీ ఉద్యోగాల్లో చేరారు. నల్లకోట్లు దాన్ని అతని పేరుతోనే పిలుస్తారు. ఆ పేరుకో మనిషి ఉన్నాడన్న సంగతి వాళ్లకు అక్కర్లేదు.

అతని సంగతి చివరి పేరాలో ఉంది: పంపుల ఆఫీసువారు ఆరు నెలల్లో అతని మాట విని తేల్చాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. పన్నెండేళ్ల తరవాత ఇవాళ రమ్మన్నారు.

"తడబడకు. ముందు గొట్టం సంగతి చెప్పు, తరవాతే మోటారు," అని పొద్దున భార్య పంపించింది. విని విని ఆమెకు అంతా కంఠతా వచ్చేసింది.

కట్ట తాలూకు వకీలు వచ్చాడు. "మూడింటికల్లా కావాలి. ఆ తీర్పు ఊడకుండా కుట్టవయ్యా, బ్రహ్మాస్త్రం అది."

"అది నాదేనండి."

"నీదేంటి, అందరిదీ," అని వకీలు గడియారం చూసుకుంటూ వెళ్లిపోయాడు.

కుట్టడం ముగించి ఆఫీసుకు వెళ్తే, విచారణాధికారి కుర్చీ ఖాళీ. గుమాస్తా తల ఎత్తకుండానే ఒక అచ్చు కాగితం జరిపాడు. 'సదరు వ్యక్తికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వడమైనది. విని, తొలగింపు ఖరారు చేయడమైనది.' అడుగున, ఏ తీర్పు ప్రకారమో సన్న అక్షరాల్లో ఉంది. అతని పేరే.

"సంతకం పెట్టు."

"నేనింకా ఏమీ చెప్పలేదు కదండీ."

"విన్నామని రాశాం కదా. ఇంకేం చెప్తావు?"

వినమని కోర్టు చెబితే, విన్నామని వేల ఫారాలు అచ్చేయించుకున్న ఘనులు. ఇలాంటివాళ్లు సిగ్గు పడతారని ఎదురుచూసేవాడిది బుద్ధితక్కువ. అతనికీ ఆ తక్కువ ఉండబట్టే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నాలుగు తిట్టి రావాల్సింది పోయి, దణ్ణం పెట్టి వచ్చాడు. సంతకం మాత్రం పెట్టలేదు. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వరండాకు వచ్చేసరికి ఎడమ చెయ్యి లాగుతోంది. కుట్టిన కట్ట ముడి విప్పాడు. దారం లాగేసి, ఫారం మడత సాపుచేసి, దాని మీద పెన్సిల్‌తో ఏదో రాసి, తీర్పు ఆఖరి కాగితం వెనక పెట్టాడు. దబ్బనం మొనను మళ్లీ జుట్టులో రుద్దుకుని, మూడు చిల్లుల్లోనూ దించి, ముడి వేశాడు. తరవాత, చొక్కా సంగతి పట్టించుకోకుండా, మోచేతులు బల్లకు ఆనించి తల వాల్చాడు.

మూడింటికి వకీలు వచ్చాడు. "పనివేళ నిద్రేంటయ్యా," అంటూ ఆ తలకింది నుంచి కట్ట లాక్కుని కోర్టులోకి పరుగెత్తాడు. అతను ఇక లేవడని పక్క బల్లవాడు కనిపెట్టేసరికి నాలుగయింది.

అప్పటికి కట్ట జడ్జీగారి బల్ల మీద ఉంది. అందులో, తీర్పు వెనక, మడతలు పడిన ఒక ఫారం. సంతకం చేయాల్సిన చోట లావుపాటి పెన్సిల్ అక్షరాలు: 'నేను నిద్రపోలేదు. గొట్టం కట్టడానికి వెళ్లాను.'