మొదటి ముద్ద

దొరస్వామి చిత్తూరులో బెల్లం మండీ తెరిచిన నాటికి చేతిలో ఉన్నవి నాయన వదిలిపోయిన ఇనుప కాటా, వీధి మూలన ఒక అద్దె గది, ఎవరినీ నమ్మకూడదన్న బుద్ధి. కాటా తుప్పు పట్టింది, గది మార్చాల్సి వచ్చింది. ఆ బుద్ధి మాత్రం ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది.

అది ఊరికే వచ్చిన బుద్ధి కాదు. నాయన చెంగయ్య కాణిపాకం దగ్గర చెరకు గానుగ ఆడించేవాడు. వాటాదారుడితో తగాదా వచ్చి మాటలు ఆగిపోయాయి. కొన్నాళ్ళకు ఆ వాటాదారుడే రాజీ చేసుకుందామని ఇంటికి పిలిచి కోడిని కోసి భోజనం పెట్టాడు. చెంగయ్య తిని వచ్చి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నాడు ఊరి డాక్టరు. మీసాలు కూడా రాని దొరస్వామి ఆ మాట నమ్మలేదు. అప్పటినుంచి ఇంకొకరింట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

వ్యాపారానికి ఈ అనుమానం బాగా పనికొచ్చింది. పైన బంగారు రంగు, లోపల నల్ల మడ్డి ఉన్న బెల్లం దిమ్మెలను మిగతా మండీల వాళ్ళు కొని నెత్తిన చేతులు పెట్టుకునేవారు. దొరస్వామి దిమ్మెను పగలగొట్టి చూడందే బేరం మొదలుపెట్టేవాడు కాదు. అతని మండీలో సరుకు కొంటే మళ్ళీ చూసుకోనక్కర లేదన్న పేరు వచ్చింది. పేరు వెనకాలే సొంత గోదాము వచ్చింది, మేడ వచ్చింది. వాటితోపాటే తమ్ముడు విడిపోయాడు, స్నేహితులు రావడం మానుకున్నారు. అవి వ్యాపారంలో మామూలుగా పోయే తరుగు అనుకున్నాడు.

ఇంట్లో మాత్రం అతనికి మంచి పేరుండేది. రుక్మిణమ్మను చేసుకున్న నాటినుంచి మొదటి ముద్ద ఆమె నోట్లో పెట్టిగానీ తినేవాడు కాదు. సంగటి వడ్డించగానే కొంచెం తుంచి పప్పులో అద్ది ఆమెకు అందించేవాడు. ఆమె నమిలి, మింగి, నీళ్ళు తాగి, వంటింట్లోకి ఒకసారి పోయివచ్చేదాకా చేయి ఆపుకొని కూర్చునేవాడు. పక్కింటి శకుంతలమ్మ కిటికీలోంచి ఇది చూసి మొగుడికి చూపించేది. "సూడు, ఆ మనిషిని సూసి నేర్చుకో. ఇరవై ఏళ్ళయినా పెండ్లామంటే ఎంత ఆపేక్షో." రుక్మిణమ్మకు పిల్లలు లేరు, పుట్టింటినుంచి తెచ్చుకున్నదీ పెద్దగా లేదు. నలుగురు ఆడవాళ్ళు కూర్చున్న చోట ఆమె తలెత్తుకొని చెప్పుకోగలిగింది ఆ ముద్ద ఒక్కటే.

శ్రీహరికోటలో ఎగరేసిన రాకెట్ సముద్రంలో పడిన ఏడాది దొరస్వామికి కడుపునొప్పి పట్టుకుంది. నిద్ర కూడా కరువైంది. గోదాము తాళం రెండోసారి లాగి చూడడానికి లేచిపోయేవాడు. రాకెట్ సంగతి రేడియోలో విని, ఎవడో లోపల చేరి మర వదులు చేసి ఉంటాడని తేల్చుకున్నాడు. చిత్తూరు డాక్టరు ఇచ్చిన మందులు పనిచేయలేదు. తిరుపతిలో పెద్ద డాక్టరు కడుపంతా వెతికి ఏమీ లేదని, ఇంకొక డాక్టరు దగ్గరికి పొమ్మని చీటీ రాసిచ్చాడు. ఆ ఇంకొక డాక్టరు మనసుకు వైద్యం చేసేవాడని గది ముందు బెంచీ మీద కూర్చున్నాక తెలిసింది. బస్సు చార్జీ ఎలాగూ అయింది కాబట్టి చూపించుకునే పోదామనుకున్నాడు.

డాక్టరు బాలసుబ్రమణ్యం మద్రాసు వైపు మనిషి. తెలుగు నిదానంగా మాట్లాడేవాడు. నిద్ర గురించి, తమ్ముడి గురించి, చెంగయ్య చావు గురించి అడిగాడు. పక్క కుర్చీలో రుక్మిణమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని తిరిగే ఫ్యానును చూస్తూ ఉంది.

"అన్నం తినే ముందు ఏమైనా చూసుకుంటారా?" అన్నాడు డాక్టరు.

"చూసుకోకుండా యాడ తింటాను సార్. మొదటి ముద్ద ఈమెకు పెడతాను. ఈమెకు ఏమీ కాకపోతే నేను తింటాను."

బెల్లం ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఫ్యాను మీదినుంచి రుక్మిణమ్మ చూపు దిగింది.

"ఎప్పటినుంచి?"

"పెండ్లయిన కాడ్నించి."

"పెండ్లి బంతిలో పెట్టిందీ అంతేనా?" అంది రుక్మిణమ్మ. డాక్టరు ముందు ఆమె నోరు విప్పడం అదే మొదలు.

దొరస్వామి అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి. "ఆ పొద్దు వంట మీవాళ్ళది గదా," అన్నాడు.

డాక్టరు ఇంకా చాలాసేపు మాట్లాడాడు. చివరికి పారనాయిడ్ పర్సనాలిటీ డిజార్డర్ అన్నాడు. తెలుగులో చెప్పమన్నాడు దొరస్వామి.

"అనుమానం అందరికీ ఉంటుంది. మీకు అది గుణంలోనే కలిసిపోయింది."

"గుణమయ్యేది ఎప్పుడు?"

డాక్టరు నవ్వాడు. "మా అరవంలోనూ ఇదే చిక్కు. జబ్బు పోతే గుణమైంది అంటాం, మనిషి స్వభావాన్నీ గుణమే అంటాం. జ్వరమైతే గుణం చేసి పంపిస్తాను. ఇది మీ గుణమే అయి కూర్చుంది. పూర్తిగా తీసేస్తానని చెప్పను. దీన్ని పెట్టుకొని బతికేది ఎట్లాగో నేర్పిస్తాను. పదిహేను రోజులకొకసారి రావాలి, మాట్లాడాలి. గాబరాకు, నిద్రకు ఒక బిళ్ళ ఇస్తాను."

ఆ బిళ్ళను దొరస్వామి వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీరొకటి వేసుకోండి సార్, చూస్తాను."

"నేను మీ భార్యను కాదు," అన్నాడు డాక్టరు.

రుక్మిణమ్మ పొట్టిగా నవ్వింది. అది మంచి నవ్వు కాదని దొరస్వామికి తెలిసింది.

తిరుగు బస్సులో ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లలో కూర్చుంది. ఇంటికొచ్చి వంట చేసింది, వడ్డించింది. అతను ముద్ద అందిస్తే నోరు తెరవలేదు.

"నాకొద్దు. ఆకలి నీది, నువ్వు తిను."

"దినమూ తినేదే గదమే."

"దినమూ తింటి. ఇంక చాలు."

ఆ రోజు అతను తినలేదు. మరుసటి రోజూ తినలేదు. తర్వాత అరటిపండ్లు, పెంకుతో ఉడికించిన గుడ్లు, కొబ్బరిబొండాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. తొక్కా పెంకూ ఉన్నవి దేవుడు సీలు వేసి పంపిన సరుకని అతని లెక్క. మనిషి చిక్కిపోయాడు. ఎన్నాళ్ళు పండ్లతో గడుస్తుందని ఆలోచించి, ఒక మధ్యాహ్నం సంగటి కొంచెం తుంచి పెరటి గోడ మీద పెట్టాడు. కాకి వచ్చి తినింది. అది ఎగిరిపోయి, మళ్ళీ వచ్చి గోడ మీద వాలేదాకా చూసి కంచం ముందు కూర్చున్నాడు.

నాలుగు రోజులకే శకుంతలమ్మ ఆ మాట ఎత్తింది. "మీ ఆయనకు భక్తి కుదిరినట్టుండాదే. దినమూ పెద్దలను తలుచుకొని కాకికి పెడతా ఉండాడు."

రుక్మిణమ్మ ఆ సాయంత్రం రెండు చీరలు సంచిలో పెట్టుకొని మండీకి వచ్చి గడప బయటే నిలబడింది.

"అక్క దగ్గరికి పలమనేరు పోతా ఉండా. ఇరవై ఏండ్లు నేను చేసిన పనిని కాకికి ఇచ్చినావు. అది చచ్చిందంటే చెప్పి పంపు, నువ్వు గెలిచినట్టు. లేదంటే నేను గానీ కాకి గానీ ముట్టని కూడు నా చేత్తో పెడితే తినగలిగిన పొద్దు రా. అంతవరకూ రావొద్దు."

గుమాస్తా మునికృష్ణ వినకూడనిది విన్నట్టు కాటా గుండ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

దొరస్వామి బేరం అర్థం చేసుకున్నాడు. ఆమె ధర చెప్పింది, తగ్గించదు. తను ఆ ధర ఇవ్వలేడు. ఇవ్వకపోతే మనిషి పోతుంది. అలా చూసుకుంటే తిరుపతి డాక్టరు ఒక్కడే మిగిలాడు.

డాక్టరు వాదించేవాడు కాదు. నీ అనుమానం తప్పు అని ఒక్కసారి కూడా అనలేదు. దేన్ని చూసి అలా అనుకున్నారు, ఇంకోలా ఉండడానికి వీలుందా, అడిగి చూశారా అని మాత్రం అడిగేవాడు. మునికృష్ణ మూలకు పోయి దళారులతో గుసగుసలాడుతున్నాడని, తన సరుకు పక్కదారి పట్టిస్తున్నాడని దొరస్వామి చెప్పాడు. అతన్నే అడగండి అన్నాడు డాక్టరు.

అడిగితే మునికృష్ణ తల గోక్కున్నాడు. "నా బిడ్డకు సంబంధం చూస్తా ఉండానన్నా. నీతో చెప్తే వాళ్ళ తాత కాడ్నించి తవ్వి తీసి చెడగొడతావని చెప్పలేదు."

ఇది నిజమో కాదో కనుక్కోవడానికి దొరస్వామి మనిషిని పంపబోయి ఆగాడు. అలా ఆగడం అదే మొదటిసారి. మనసు మాత్రం నెమ్మదించలేదు. పెళ్ళి శుభలేఖ చేతికొచ్చేదాకా లోపల పురుగు తొలుస్తూనే ఉంది. ఆ సంగతి చెబితే, తొలిచినా ఆగారు గదా, అదే కావాలి అన్నాడు డాక్టరు. బిళ్ళను మొదట సగం చేసి వేసుకున్నాడు. ఏమీ కాకపోయేసరికి తర్వాత మొత్తం వేసుకున్నాడు. నిద్ర కొంచెం వచ్చింది.

ముసురు పట్టిన రోజుల్లో గోదాము వెనక మూల శుభ్రం చేయించాడు. అక్కడ తను పరీక్షకు పగలగొట్టిన దిమ్మెల ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. చెమ్మకు కారి, చీమలు పట్టి, గోనెలకు అంటుకుపోయాయి. సారా కాచేవాళ్ళు తప్ప ఎవరూ కొనరు. అన్నేళ్ళలో తనకు ఎవరైనా అంటగట్టిన చెడ్డ సరుకెంతో తలుచుకున్నాడు. ఈ గుట్ట ముందు అది ఏ మూలకూ చాలదు.

"మోసం చేసి పోయిన సరుకు కంటే, మోసం ఉందేమోనని నేను పగలగొట్టిందే ఎక్కువ ఉండాది సార్," అన్నాడు తిరుపతికి పోయినప్పుడు.

"ఇది నేను చెప్పలేదు," అన్నాడు డాక్టరు.

"మీరు చెప్పుంటే నమ్మను గదా."

డాక్టరు ఈసారి గట్టిగా నవ్వాడు. తర్వాత అన్నాడు: "భయం పోయినాక తింటానని కూర్చుంటే ఎప్పటికీ తినరు. భయంతోనే తినండి. అది పక్కన కూర్చుంటే కూర్చోనీండి."

ఆ వారం దొరస్వామి పలమనేరు బస్సెక్కాడు. చెప్పకుండా పోయాడు. చెబితే వాళ్ళు ఏమైనా సిద్ధం చేసుకుంటారేమోనన్న అనుమానం అందులోనూ ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు.

పలమనేరులో రుక్మిణమ్మ అక్క దేవకమ్మ బర్రెలు పెట్టుకొని పాలు పోసేది. వాకిట్లో పేడ ఎత్తుతూ అతన్ని చూసింది. "ఏం మరిదీ, అరటిపండ్లు తెచ్చుకున్నావా, మేం తెప్పించాల్నా?"

"వద్దు వదినా. కూడు తినిపోదామని వచ్చినాను."

దేవకమ్మ తట్ట కింద పెట్టి లోపలికి చూసింది. రుక్మిణమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. లోపలికి పోయి కంచం తెచ్చి పెట్టింది. పొయ్యి మీదినుంచి అప్పుడే దించిన సంగటి, పప్పు, చెనక్కాయల చట్నీ. పెట్టి, అతనికి అందనంత దూరం జరిగి గోడకు ఆనుకొని నిలబడింది.

దొరస్వామి సంగటి తుంచాడు. పప్పులో అద్దాడు. ఇరవై ఏళ్ళ అలవాటుతో చేయి తనంతట తానే పక్కకు పోయింది. పక్కన ఎవరూ లేరు. పెరటి తలుపు తీసే ఉంది, గోడ మీద కాకులూ ఉన్నాయి. అతను అటు చూశాడు. రుక్మిణమ్మ కూడా అటు చూసింది. చెంగయ్య కోడికూర తిని వచ్చి చేయి తుడుచుకుంటూ, మంచి భోజనం పెట్టాడురా అన్న మాట చెవిలో వినిపించింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

పెట్టుకున్న మరుక్షణం కళ్ళలో నీళ్ళు తిరిగి నోరు తెరిచాడు. రుక్మిణమ్మ గోడ వదిలి రెండంగల్లో వచ్చింది.

"ఏమైంది?"

"కాలింది."

"ఇంకేమైనా?"

"ఇంకేం లేదు." నోట్లో గాలి ఆడించుకొని మింగాడు. "ఇంత వేడిగా ఉంటాదని తెలీదు."

దేవకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రుక్మిణమ్మ నవ్వలేదు. చెంబుతో నీళ్ళు పెట్టి, అతను కంచం ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చుంది. తర్వాత అంది: "కాకికి ఊరికే అలవాటు చేసినావు. పాపం అది దినమూ వచ్చి చూస్తా ఉంటాది. దానికి పెట్టు. నువ్వు తిన్నాక పెట్టు."

ఆమె చిత్తూరుకు తిరిగి వచ్చింది. ముద్ద అందించడం, అందుకోవడం లేదు. ఇద్దరూ ఎదురెదురుగా ఎవరి కంచంలో వాళ్ళు తినేవారు. శకుంతలమ్మ కొన్నాళ్ళు కిటికీలోంచి చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏందమ్మా, మీ ఆయన ముద్ద పెట్టేది మానేసినాడు?"

"గుణమైంది లే అక్కా," అంది రుక్మిణమ్మ.

పూర్తిగా కాలేదు. దొరస్వామి గోదాము తాళం ఇప్పటికీ రెండుసార్లు లాగి చూస్తాడు. ఇంకొకరింట్లో నీళ్ళు ముట్టడు. మునికృష్ణ బిడ్డ పెళ్ళికి పోయాడు, అక్షింతలు వేశాడు, భోజనానికి కూర్చోలేదు. పదిహేను రోజులకొకసారి పోయేవాడు ఇప్పుడు రెండు మూడు నెలలకొకసారి తిరుపతి పోతాడు. కొన్ని పూటలు కంచం ముందు చేయి ఆగిపోతుంది. "ఈ పొద్దు చెయ్యి రాలేదు" అని చెబుతాడు. "అయితే ఉండు" అని ఆమె తన కంచంలోది తింటూ ఉంటుంది. కాసేపటికి చేయి కదులుతుంది. కదలని పూటా ఉంది. తమ్ముడు తిరిగి రాలేదు, పోయిన స్నేహితులూ రాలేదు. రుక్మిణమ్మ నలుగురిలో చెప్పుకునే ఆ ముద్ద కూడా పోయింది. అది అతని వల్ల ఆమెకు వచ్చిన నష్టం, తీర్చగలిగేది కాదు. పోయినవన్నీ పక్కన పెట్టి చూసుకుంటే దొరస్వామికి మిగిలింది ఇది: చల్లారి పెచ్చు కట్టిన సంగటి మాత్రమే ఎరిగిన మనిషి, ఇప్పుడు చాలా పూటలు వేడిగా తింటున్నాడు.