అత్తయ్యగారి డొల్ల బండలు

రోడ్ల మీద తెల్లగీతలు వేయడం నా ఉద్యోగం. నేను వేసిన గీతలో వెంట్రుకవాసి వంకర చూపించిన పై అధికారి ఇంతవరకు పుట్టలేదు. అలాంటి నన్ను పట్టుకుని మా అత్తయ్యగారు, మీకు దారి వేయడం రాదు అన్నారు. అక్కడ మొదలైంది నాకు తలనొప్పి.

నిజానికి ఆ దారి నేను సరదాపడి వేసింది కాదు. వానల్లో అత్తయ్యగారు పెరట్లో కూరమడుల మధ్య జారి పడ్డారు. ఎముకలేవీ విరగలేదు, మోచెయ్యి దోక్కుపోయిందంతే. కానీ మా ఆవిడ ఆస్పత్రిలో ఎముకల వార్డు నర్సు. తుంటి విరిగి మంచానపడ్డ ముసలివాళ్లను రోజూ చూసి, ఇంటికొచ్చి ఆ కథలన్నీ అన్నం తింటున్న నాకు చెబుతుంది. ఆవిడ వాళ్లమ్మని మంచం దిగనివ్వకుండా కూర్చోబెట్టింది. ఆ కూర్చున్నన్నాళ్లూ అత్తయ్యగారు గోడ వైపు తిరిగి, పెట్టింది సగం తిని, అడిగినదానికి ఊఁ అని, అంతకంతకూ చిక్కిపోయారు. అది చూడలేక నేనే అడ్డుపడ్డాను. అప్పుడు మా ఆవిడ తీర్పు చెప్పింది. పెరటి గుమ్మం నుంచి చివరి కంచె దాకా బండలు పరవాలి, సెలవు రోజున తనొచ్చి ఒక్కో బండ మీదా నిలబడి చూస్తుంది, ఒక్కటి కదిలినా పెరటి తలుపుకి తాళం వేసి చెవి ఆస్పత్రికి పట్టుకుపోతుంది. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తాళం పడితే అత్తయ్యగారు మళ్లీ లేవరని నాకు తెలుసు.

ముందు చోటు శుభ్రం చేశాను. ఆ పెరట్లో అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. టమాటాల దగ్గర ఒక పగిలిన కుండ, చిక్కుళ్ల దగ్గర రెండు సగం ఇటుకలు, వంకాయల దగ్గర అడుగు ఊడిన బకెట్టు. వాటి చుట్టూ కాలిబాట పాములా మెలికలు తిరిగి ఉంది. అన్నీ ఏరి చెత్తబండిలో వేసి, గుమ్మం నుంచి కంచె దాకా తాడు లాగి కట్టాను. అత్తయ్యగారు కర్ర పట్టుకుని వచ్చి, కాసేపు అటూ ఇటూ పొడిచి, ఇక్కడ కుండ ఉండాలే అన్నారు. పారేశానన్నాను. ఇటుకలో అన్నారు. అవీ పారేశానన్నాను.

"చాలా మంచి పని చేశారు అల్లుడుగారూ," అన్నారు.

మా ఇంట్లో ఆ "గారూ" ఎంత సాగితే కోపం అంత ఉన్నట్టు. ఆ రోజు అది వీధి చివరి దాకా సాగింది. పగిలిన కుండ కోసం ఇంత రాద్ధాంతమా అని నాకు ఒళ్లు మండింది.

మట్టి జానెడు లోతు తీశాను, దిమ్మిసతో కొట్టాను, ఇసుక పోసి చెక్కతో చదును చేశాను, సిమెంటు బండలు ఒక్కొక్కటీ దించి చెక్క సుత్తితో తట్టి కూర్చోబెట్టాను. రసమట్టం పెడితే బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. నా పని చూసి నేనే మురిసిపోతున్న సమయానికి పక్కింటి మేస్త్రి టీ గ్లాసుతో ప్రహరీ దగ్గరకు వచ్చాడు. వాడికి ఆదివారం కాలక్షేపం నేనే. గోడ దూకి, ఒక బండని తాపీ పిడితో టక్కున కొట్టి, డొల్ల కొడుతోంది అన్నాడు. బండ కింద మధ్యలో ఇసుక నిండకపోతే ఖాళీ ఉంటుందట, కొడితే కుండలా మోగుతుందట, పని రానివాడి గుర్తు అదేనట. ఇంకో మూడు కొట్టి అవీ డొల్లే అన్నాడు. ఉన్న పరువు టీతో పాటు తాగేసి వెళ్లిపోయాడు.

అన్నీ ఊడబీకి మళ్లీ పరిచాను. ఈసారి ఏ బండని కొట్టినా ఒకటే చప్పుడు, ఎక్కడా తేడా లేదు. అత్తయ్యగారిని పిలిచి నడవమన్నాను. ఆవిడ కర్రతో తడుతూ బయల్దేరారు. టమాటాలు దాటారు, చిక్కుళ్లు దాటారు, ఎక్కడా ఆగలేదు, నేరుగా వెళ్లి కంచెకు గుద్దుకున్నారు. వెనక్కి తిరిగి, బాగాలేదు, అంతా ఒకేలా ఉంది అన్నారు. ఒకేలా ఉండాలనే కదా ఇంత చాకిరీ చేశాను. నా ఉద్యోగంలో ఒకేలా లేకపోతే జీతం కోస్తారు. అది చెబుతుండగానే ఆవిడ బండ దిగి, నేను కొత్తగా నాటిన మిరప నారు తొక్కుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. కావాలనే తొక్కారనుకున్నాను.

మర్నాటి నుంచి ఇంకో పీడ మొదలైంది. డ్యూటీ దిగి వచ్చేసరికి బండలు కదులుతున్నాయి. సరిచేస్తే మర్నాడు మళ్లీ కదులుతున్నాయి. పందికొక్కు పని అనుకుని బోను పెట్టాను. మేస్త్రి గోడ మీంచి తొంగిచూసి, పందికొక్కుకి టమాటాల దగ్గరా చిక్కుళ్ల దగ్గరా వంకాయల దగ్గరా మాత్రమే పని ఉంటుందా అని నవ్వాడు. నిజమే, రోజూ అవే బండలు. అప్పుడు నాకు మేస్త్రి మీదే అనుమానం వచ్చింది. మా ఆవిడ సెలవు ఇంకొక్క రోజులో ఉంది. తల ప్రాణం తోకకొచ్చి, ఒక పూట సెలవు పెట్టి, దొంగని పట్టుకుందామని పక్క సందులోంచి పెరట్లోకి వచ్చాను.

టమాటాల దగ్గర అత్తయ్యగారు నేల మీద కూర్చుని, వంటింటి అట్లకాడ తిరగేసి, బండ కింద నుంచి ఇసుక తోడుతున్నారు. కంచే చేను మేస్తుంటే నేను బోనులు పెట్టుకుంటూ తిరుగుతున్నాను. చిర్రెత్తుకొచ్చి నాలుగూ అడిగేద్దామని ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. నా నీడ ఆవిడ చేతుల మీద పడింది. ఆవిడ తల ఎత్తలేదు, అట్లకాడ దాచలేదు. తోడుకుంటూనే ఉన్నారు. మధ్యలో ఆగి, పక్కన ఎర్రగా కళ్లకు కొడుతున్నట్టున్న టమాటా కోసం కాడ పట్టుకుని కింది నుంచి పైకి తడుముకుంటూ వెళ్లారు.

నేను అక్కడే గొంతుక్కూర్చున్నాను. ఎప్పటి నుంచి అత్తయ్యా అన్నాను. ఆవిడ ఉలిక్కిపడ్డారు గానీ బుకాయించలేదు. పోయిన చలికాలం నుంచి చూపు మధ్యలో మసకట, ఇప్పుడు అక్కడ ఏమీ లేదు, అంచులే ఉన్నాయి. కుండ కర్రకి తగిలితే టమాటాలు, ఇటుకలు తగిలితే చిక్కుళ్లు, బకెట్టు మోగితే వంకాయలు. అవి నేను పారేశాక, కదిలే బండలైనా కాలికి గుర్తు చెబుతాయని ఈ తిప్పలు.

"దానికి చెప్పకండి," అన్నారు. "తెలిస్తే తోట ఒక్కటే కాదు, కుర్చీలోంచే లేవనివ్వదు. నేను మళ్లీ ఆ గోడ చూస్తూ కూర్చోలేను."

నా మీద నాకే అసహ్యం వేసింది. చెత్త అనుకుని ఆ మనిషి కళ్లని బండిలో వేసి పంపించాను. అదే సమయంలో ఆవిడ మీద కోపమూ పోలేదు. ఒక్క మాట ముందే అని ఉంటే నా నడుము మిగిలేది. మీ అమ్మాయి దగ్గర దాచనని చెప్పాను, ఆ చెప్పేదేదో దారి సరిగ్గా కుదిరాక చెబుదామన్నాను. బండ కదలకూడదు, కానీ మోగితే తప్పేముంది?

టమాటాల దగ్గర ఒక బండ లేపి, మధ్యలో ఇసుక తీసేసి, అంచుల చుట్టూ సిమెంటు కూరి గట్టిగా బిగించాను. చిక్కుళ్ల దగ్గర వరసగా రెండు. వంకాయల దగ్గర లోతుగా ఇంకొకటి. మేస్త్రి తొంగిచూసి, డొల్ల కావాలని పెడుతున్నావా, మతి పోయిందా అన్నాడు. పోయిందన్నాను. బరువు పడితే పగులుతుందన్నాడు. దీని మీద లారీ వెళ్లదన్నాను. అత్తయ్యగారు పీట వేసుకు కూర్చుని ప్రతి బండనీ కర్రతో కొట్టి, ఇంకొంచెం, వంకాయల దగ్గర గొంతు ఇంకా లావుగా ఉండాలి అని నాచేత వంకాయల బండ మూడుసార్లు ఎత్తించారు.

మర్నాడు మా ఆవిడ బూట్లు వేసుకుని తాళంకప్పతో సహా వచ్చింది. ఒక్కో బండ మీదా మడమతో గట్టిగా తొక్కింది. ఒక్కటీ కదల్లేదు. కానీ టమాటాల దగ్గర ఆగి మళ్లీ తొక్కి, ఇవి డొల్ల, మీరు కావాలనే పెట్టారని మేస్త్రి చెప్పాడు అంది. మళ్లీ సరిగ్గా వేసేదాకా తలుపు తీయనంది. గుమ్మంలో అత్తయ్యగారు కర్రని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను ఆవిడ దగ్గరకు వెళ్లి, ఇక తప్పదన్నట్టు భుజం తట్టి, కర్ర అడిగి తీసుకున్నాను.

"కళ్లు మూసుకుని, ఇది పట్టుకుని నడువు," అన్నాను మా ఆవిడతో.

నైట్ డ్యూటీ చేసి వచ్చాను, ఆటలాడే ఓపిక లేదంది. ఆటే అనుకో అన్నాను. విసుగ్గా కళ్లు మూసుకుంది. కర్ర తడుతూ నడిచింది. ఒకటే చప్పుడు, ఒకటే చప్పుడు, తరవాత కుండ మీద కొట్టినట్టు మోగింది. ఆగింది. చెయ్యి తనంతట తనే పక్కకి చాచింది. వేళ్లకి టమాటా తగిలింది.

అలాగే నిలబడిపోయింది. నేను వివరంగా చెబుదామని నోరు తెరిచాను గానీ అవసరం పడలేదు. దీపం కింద చీకటి ఎలా ఉంటుందో ఆ మొహంలో కనిపించింది.

"అమ్మా," అంది, కళ్లు తెరవకుండానే. "ఎప్పట్నుంచి?"

గుమ్మంలో అత్తయ్యగారు తలుపు పట్టుకుని ఒక అడుగు ముందుకు వేశారు.

"ముందు ఆ కాయ వదులు," అన్నారు అత్తయ్యగారు. "అది ఇంకా గట్టిగా ఉంది. రేపు నేను కోస్తాను."

మా ఆవిడ కాయ వదిలి, కళ్లు తుడుచుకుని, వెనక్కి నడిచి వచ్చి కర్ర వాళ్లమ్మ చేతిలో పెట్టింది. రేపు కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం, నువ్వు కాదంటే మోసుకుపోతానంది. మరి తోటో అన్నారు ఆవిడ. మా ఆవిడ తాళంకప్ప తెచ్చి నా చేతిలో పెట్టి, దీన్ని మీ సైకిలుకి వేసుకోండి అంది.

తల్లీ కూతుళ్లు ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని బండల మీద చివరి కంచె దాకా వెళ్లారు. ఇక నాకు కాస్త నడుము వాల్చే యోగం పట్టిందనుకుని మంచం వైపు తిరిగాను.

"అల్లుడూ," అని వినిపించింది. ఇన్నేళ్లలో ఆ నోట గారు లేకుండా రావడం అదే మొదటిసారి. "మిరప నారు దగ్గర మర్చిపోయాం. అక్కడా ఒకటి మోగాలి."

రేపు చూద్దామన్నాను. రేపటి దాకా నారు నా కాలి కిందే ఉంటుంది, తరవాత నీ ఇష్టం అన్నారు. నేను గడ్డపార తీసుకున్నాను.